గడప తొక్కని లైబ్రరీ, మూడేళ్ల వాడకం తర్వాత

మా యూనివర్సిటీ లైబ్రరీని మూడేళ్లుగా వాడుతున్నాను, దాని గడప మాత్రం ఒక్కసారీ తొక్కలేదు. లాగిన్, జర్నల్స్, ఈ-పుస్తకాల సంగతి దూరవిద్యలో ఉన్న అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది కేటలాగ్‌లో అచ్చు పుస్తకం వివరాల పక్కన ఉండే ఓ చిన్న బటన్ గురించి. అది నొక్కి ఫారం నింపితే కావలసిన అధ్యాయాన్ని స్కాన్ చేసి మెయిల్లో పంపుతారు.

రెండో ఏడాది ప్రాజెక్టుకి ఓ పాత పుస్తకం అవసరమైంది. ఈ-కాపీ లేదు. ఐదో అధ్యాయం, 121 నుంచి 158 వరకు అని ఫారం నింపాను. మూడో రోజు పీడీఎఫ్ వచ్చింది. రాత్రి పదకొండుకి చదవడం మొదలుపెడితే నాలుగు పేజీల్లోనే తప్పు తెలిసొచ్చింది. ప్రతి పేరా చివరా చిన్న అంకె ఉంది, ఆ అంకెలకు చెందిన నోట్స్ మాత్రం అధ్యాయం కింద కాకుండా పుస్తకం చివర ఉన్నాయి. నాకు కావలసిన ఆధారాలన్నీ అక్కడే. మళ్లీ అడుగుదామంటే కాపీరైట్ లెక్కన ఒక పుస్తకం నుంచి ఒక్క అధ్యాయమే ఇస్తారు. ఒకటే టెన్షన్. ఉసూరుమంటూ కిందికి జరిపితే 158 తర్వాత 287వ పేజీ కనిపించింది! ఐదో అధ్యాయం నోట్స్ ఆరు పేజీలూ, వాటి వెనకే ప్రచురణ వివరాల పేజీ. ఒక పేజీ మూలన స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు కూడా పడింది. మెయిల్లో ఒకే వాక్యం: నోట్స్ లేకపోతే ఉపయోగపడదని కలిపాను.

ఆ ఊపులో కనబడ్డవాళ్లందరికీ ఈ సర్వీస్ గురించి ఊదరగొట్టాను. ఇప్పుడు కాస్త గొంతు తగ్గించాలి. ఆ తర్వాత ఆరుసార్లు అడిగితే నోట్స్ ఒక్కసారీ వాటంతటవి రాలేదు. ఒక స్కాన్‌లో పుస్తకం సరిగ్గా విచ్చుకోక లోపలి అంచున ఉన్న అక్షరాలు మాయమయ్యాయి. సెలవుల్లో అడిగితే వారం దాటింది. అంటే నేను మెచ్చుకున్నది సర్వీస్‌ని కాదేమో, ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషిని.

దూరంగా చదివేవాళ్లకూ క్యాంపస్‌వాళ్లతో సమానంగా లైబ్రరీ సేవలు అందాలని అమెరికాలోని కాలేజీ, పరిశోధనా గ్రంథాలయాల సంఘం తన 2008 ప్రమాణాల్లో రాసుకుంది. మంచి మాటే. కానీ క్యాంపస్‌లో ఉన్నవాళ్లు అల్మారా దగ్గర నిలబడి, పుస్తకం తిరగేసి, నోట్స్ ఎక్కడున్నాయో అర నిమిషంలో చూసుకుంటారు. నేను చూడని పుస్తకంలో ఏముందో ఊహించి అడగాలి. ఆ తేడాని ఏ బటనూ పూడ్చలేదు. (ఒకసారికి ఒక్కరే చదవగలిగే లైసెన్సుతో కొన్న ఈ-పుస్తకాల గురించి అడక్కండి. అసైన్‌మెంట్ గడువు వారంలో అవి తెరుచుకుంటే మహాభాగ్యం.)

ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట చదివే నాకు, నెలకో అధ్యాయంతో సరిపోయే కోర్సుకి, ఇది చాలు. పాత సంచికలు పదుల కొద్దీ తిరగేయాల్సిన పరిశోధన మీదైతే మాత్రం నా మాట నమ్మి కూర్చోకండి.

నిన్న రాత్రి ఇంకో రిక్వెస్ట్ పెట్టాను. పుస్తకం చివరున్న నోట్స్ కూడా కావాలని వ్యాఖ్యల గడిలో రెండుసార్లు రాశాను.