మెయిన్‌స్ట్రీమా, ప్రధాన స్రవంతా?

మా అన్న కూతురు ఎస్వీ యూనివర్సిటీలో చదువుతోంది. మొన్న ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. "చిన్నాయనా, మెయిన్‌స్ట్రీమ్‌కి ఏం రాయమంటావు? ప్రధాన స్రవంతి అంటే సరిపోతుందా?" అని అడిగింది. సరిపోతుందని చెప్పేసి ఉంటే ఇద్దరికీ పని తప్పేది.

ముందు అర్థం చూద్దాం. 1660ల నాటికి ఆ మాటకు నదిలో ముఖ్య ప్రవాహం అనే అర్థం. జనంలో చెలామణీ అయ్యే అభిప్రాయాలకు, అభిరుచులకు దాన్ని వాడడం 1831లో స్కాట్లండ్ రచయిత కార్లైల్ రాతల్లో కనిపిస్తుంది. ఎప్పుడూ నీళ్లుండే నదుల పక్కన పుట్టిన పోలిక మరి. మన స్వర్ణముఖిలో మంచి వాన పడితే తప్ప కనిపించేది ఇసుకే. అందుకని పాపకు కొండ దారి చూపించాను. అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2388. అయినా నడిచేవాళ్లలో ఎక్కువమంది అలిపిరికే పోతారు. మెయిన్‌స్ట్రీమ్ అంటే అదే. దగ్గరిదా, మంచిదా అన్నది వేరే సంగతి, ఎక్కువమంది పోయే దారి అంతే.

ఇక ప్రధాన స్రవంతి. ఇంగ్లీషు మాటను ముక్కకు ముక్క మార్చి తయారుచేసింది. స్రవంతి అంటే సంస్కృతంలో నది. మనకేమో ఆడపిల్ల పేరు. నీళ్లు పారేదాన్ని ఇక్కడ ఏరంటాం, చిన్నదైతే వంకంటాం. అయినా ప్రధాన స్రవంతి సినిమా, ప్రధాన స్రవంతి రాజకీయాలు అంటే పేపరు చదివేవాళ్లకు చటుక్కున అర్థమవుతుంది, కాదనను. చిక్కు వాక్యం చివరికొచ్చేసరికి. "ఈ ఆలోచన ఇప్పుడు మెయిన్‌స్ట్రీమ్ అయిపోయింది" అని ఎవరైనా అంటారు. "ప్రధాన స్రవంతి అయిపోయింది" అని ఎవరంటారు? ఇంకో మాట ముందు నిలబడితేనే దానికి కాళ్లు.

జనజీవన స్రవంతి అనగానే లొంగిపోయిన నక్సలైట్ల వార్తే గుర్తొస్తుంది. దాన్ని అక్కడే ఉంచేద్దాం.

"గుంపులో గోవిందా అని రాయకూడదా?" అని నవ్వింది పాప. తిరుపతిలో పుట్టి ఆ మాట అనకుండా ఎట్లుంటుంది! అచ్చంగా మనదే, నలుగురితో నారాయణ కూడా అంతే. కానీ రెండింటిలోనూ చిన్నచూపు ఉంది, ఆలోచించకుండా గొంతు కలిపాడని. కుర్రాళ్లు ఒక పాటను "మరీ మెయిన్‌స్ట్రీమ్" అని పెదవి విరిచే చోట సరిగ్గా కుదురుతుంది. సైన్స్ వ్యాసంలో పెడితే శాస్త్రవేత్తల్ని వెక్కిరించినట్టే.

పాప వ్యాసంలో ఉన్నది సైన్సే. భూమి వేడెక్కడానికి మనుషుల పనులే ముఖ్య కారణమన్నది మెయిన్‌స్ట్రీమ్ అభిప్రాయమని అక్కడి వాక్యం. నేను చెప్పింది "శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకున్న మాట". పొడుగే. అయితే ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. ఎక్కువమంది అనగానే ఎవరిలో అని అడుగుతారు, చెప్పక తప్పదు. మెయిన్‌స్ట్రీమ్ అంటే ఆ ప్రశ్న రాదు, ప్రధాన స్రవంతి అన్నా రాదు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన రోజుల్లో గ్రాంథికమే మెయిన్‌స్ట్రీమ్ అని రాసి చూడండి. ఎవరికి? పండితులకు. ఇంట్లో, సంతలో మాట్లాడుకునే జనానికి అది ఏనాడూ కాదు. మా చిత్తూరు యాసను ఇప్పటికీ మాండలికం అంటారు కదా, అక్కడా ఇదే ప్రశ్న అడగబుద్ధవుతుంది నాకు.

కాబట్టి అభిప్రాయాల సంగతైతే ఎక్కువమంది ఒప్పుకున్నది, చెలామణిలో ఉన్నది అని విడమరిచి రాయడమే నయం. సినిమా, రాజకీయాల ముందు ప్రధాన స్రవంతి ఉంటే ఉండనీ. నోటిమాటకు మెయిన్‌స్ట్రీమే హాయి.

పాప అన్నీ దిద్దుకుంది. చివర్లో ప్రధాన స్రవంతి మీడియా అని ఒకచోట మిగిలితే దాన్నీ కొట్టేసి మెయిన్‌స్ట్రీమ్ మీడియా అని రాసింది. అదెందుకు మార్చావు, బాగానే ఉంది కదా అన్నాను.

"మీడియాని ఇంగ్లీషులోనే వదిలేసి, దాని ముందున్న మాటకు మాత్రం సంస్కృతం ఎందుకు చిన్నాయనా?" అంది.