నడుం మైకు: గొంతు తగ్గినవాళ్లకు సరే, మాట ముద్దైనవాళ్లకు?

టీచర్లు నడుముకు కట్టుకుని పాఠం చెప్పే మైకు సెట్టు ఇది. విజయనగరం మార్కెట్లో 1,000 నుంచి 2,000 రూపాయల్లో వచ్చేస్తుంది. పార్కిన్సన్స్‌ (వణుకుడు జబ్బు), పక్షవాతం వచ్చినవాళ్ల కోసమూ కొంటుంటారు. మొదటిదానికి పర్వాలేదు. రెండోదానికైతే పరీక్ష చేయకుండా డబ్బు పెట్టొద్దు.

ఈ పెట్టె శబ్దాన్ని పెంచుతుందే గాని అక్షరాన్ని దిద్దదు. పార్కిన్సన్స్‌లో గొంతు సన్నగిల్లుతుంది, తగ్గిన సంగతి మాట్లాడేవాళ్లకే తెలీదు. అక్కడ మైకు అక్కరకొస్తుంది, మాట మరీ గబగబా దొర్లిపోతుంటే తప్ప. పక్షవాతంలో కొండనాలుక వైపు కండరం పట్టు తప్పితే గాలి ముక్కులోకి పోతుంది. ‘బావ’ అన్నది ‘మావ’ అని వినిపిస్తుంది. మైకు పెడితే అదే ‘మావ’ ఇంకా గట్టిగా వినిపిస్తుంది. నాలుక బిగువు లేకపోతే ‘గడ్డి’ కాస్తా ‘గడి’ అవుతుంది. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లు ప్రతి అక్షరాన్నీ సాగదీస్తే ‘పడు’కీ ‘పాడు’కీ తేడా పోతుంది. తెలుగు వినే చెవికి ఆసరా ఈ దీర్ఘాలూ ఒత్తులే కదా.

కొనే ముందు ఇలా చూడండి. ఫ్యాను, టీవీ ఆపండి. 20 చీటీల మీద విడి మాటలు రాసి, వాళ్లచేత చదివించండి. వినేది ఇంట్లోవాళ్లు కాకూడదు. వాళ్లకి ఆ యాస అలవాటైపోయి ఉంటుంది, సగం ఊహించేస్తారు. గంటస్తంభం దగ్గర ఆటో అతనికి ఆ వీలుండదు. పక్కింటి మనిషిని రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి విన్నది రాయమనండి. తర్వాత వేరే 20 మాటలతో గది అవతలి చివర నుంచి. దగ్గర్లో బాగా పట్టుకుని దూరంలో తడబడితే కొనండి. దగ్గర్లోనే సగం పోతే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లండి.

వాడకంలో చికాకులున్నాయి. మైకు నోటికి ఎదురుగా ఉంటే ‘ప’, ‘బ’ అన్నప్పుడల్లా ఊదినట్టు కొడుతుంది. పెదవి మూలకి రెండు వేళ్ల దూరంలో ఉంచాలి. మంచం మీద ఒరిగితే స్పీకరు మైకు దగ్గరికొచ్చి కుయ్యిమంటుంది, పెట్టెని పక్కన బల్ల మీద పెట్టాలి. వణికే వేళ్లకి ఆ బుల్లి బటన్లు అందవు. ఇది పెద్ద లోపం.

మాట ముద్దగా వచ్చేవాళ్లకి ఇంతకన్నా చవకైనది అక్షరాల అట్ట. గుణింతాలొద్దు, అచ్చులూ హల్లులూ పెద్దవిగా రాస్తే చాలు. ప్రతి మాటకీ మొదటి అక్షరం వేలితో చూపించి, అప్పుడు పలకాలి. దాంతో వేగం తగ్గుతుంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీ తెలుస్తుంది, వినేవాళ్లు వెతుక్కోవాల్సిన మాటలూ తగ్గుతాయి. మాట్లాడేవాళ్ల ముఖం చూస్తూ వినండి. అర్థం కాకపోతే ‘ఏటి, ఏటి’ అనకుండా అర్థమైనంత తిరిగి చెప్పి, పోయిన మాట ఒక్కటే అడగండి.