పింగ్ నుంచి టీసీపీడంప్ దాకా: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

లినక్స్ సర్వర్లు, కొన్ని విండోస్ మెషిన్లు, వాటి మధ్య స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లు చూసుకునే ఉద్యోగం నాది. రంగురంగుల గ్రాఫులు చూపించే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పక్క స్క్రీన్ మీద ఉంటుంది. అయినా "నెట్ రావట్లేదు" అని ఫోన్ రాగానే నేను తెరిచేది టెర్మినలే. ఇన్నేళ్లు వాడాక నాకు తేలింది ఏమిటంటే, ఈ కమాండ్లు అబద్ధం చెప్పవు. కాకపోతే అడిగినదానికే జవాబిస్తాయి. మనం ఏం అడిగామో మనకే తెలియకపోతే తంటా.

ముందు పింగ్. అవతలి మెషిన్ పలుకుతోందా లేదా అని చిన్న డేటా ముక్క (ప్యాకెట్) పంపి చూసే, 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రామ్ ఇది. అందరూ వాడేదీ ఇదే, ఎక్కువమంది అపార్థం చేసుకునేదీ ఇదే. "పింగ్ రావట్లేదు, సర్వర్ డౌన్" అని టికెట్ వేస్తారు. చూస్తే సర్వర్ హాయిగా నడుస్తూ ఉంటుంది, ఫైర్‌వాల్ ఐసీఎంపీని (పింగ్ వాడే సందేశాల పద్ధతిని) ఆపేసి ఉంటుంది, అంతే. ఒక్కోసారి దీనికి ఉల్టా: పింగ్ చక్కగా వస్తుంది, పైన నడవాల్సిన సర్వీసు మాత్రం చచ్చి పడి ఉంటుంది. అందుకే ఒక అప్లికేషన్ గురించి ఫిర్యాదు వస్తే నేను నేరుగా దాని పోర్టునే (ఆ సర్వీసు వినే నంబరునే) తట్టి చూస్తాను. దానికి లినక్స్‌లో ఎన్‌సీ, విండోస్‌లో పవర్‌షెల్ వాళ్ల టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్లు వాడతాను. అక్కడ "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే నాకు సంతోషమే. చాలావరకు ప్యాకెట్ అక్కడిదాకా వెళ్లింది, ఆ పోర్టు మీద వినేవాడు లేడని అర్థం. ఏ జవాబూ లేకుండా టైమౌట్ అయితే మధ్యలో ఎవరో ప్యాకెట్‌ని మింగేస్తున్నారని అనుమానించాలి.

పింగ్‌కి పెద్దగా పేరు రాని ఉపయోగం ఇంకొకటి ఉంది. ఒకసారి వీపీఎన్ (నెట్ మీదుగా వేసిన ప్రైవేట్ టనెల్) మీద విచిత్రమైన ఇబ్బంది వచ్చింది. చిన్న పేజీలు తెరుచుకుంటున్నాయి, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు మెషిన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అవుతోంది, కానీ పెద్ద ఫైల్ లిస్ట్ అడగగానే సెషన్ బిగుసుకుపోతోంది. మానిటరింగ్‌లో అంతా పచ్చగానే ఉంది. ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని చెప్పే ఆప్షన్ పెట్టి 1472 బైట్లతో పింగ్ పంపాను. దానికి ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20 కలిపితే ఈథర్‌నెట్ మామూలు హద్దు 1500 అవుతుంది. జవాబు లేదు. సైజు తగ్గించుకుంటూ పోతే 1372 దగ్గర రావడం మొదలైంది. అంటే ఆ దారిలో 1400కి మించి పట్టదు. "ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించు" అని తిరిగి చెప్పాల్సిన ఐసీఎంపీ సందేశాన్ని ఎవరో భద్రత పేరు చెప్పి ఆపేశారు. టనెల్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400కి దించాక గొడవ పోయింది.

ప్యాకెట్ వెళ్లే దారిని చూపించే కమాండ్లలో ట్రేస్‌రూట్ కంటే ఎంటీఆర్ నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఆగకుండా పంపుతూ ఒక్కో హాప్‌కి (దారిలోని ఒక్కో రౌటర్‌కి) నష్టం, ఆలస్యం ఎంతో లెక్క చూపిస్తుంది. అయితే దాన్ని చదవడం రాకపోతే అనవసరమైన టెన్షన్. మధ్య హాప్‌లో 60 శాతం లాస్ కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లను చాలామందిని చూశాను. దాని తర్వాతి హాప్‌లలో లాస్ సున్నా ఉంటే అక్కడ ఇబ్బందేమీ లేదు. ఆ రౌటర్ మన ప్యాకెట్లను ముందుకు పంపుతోంది, మనకు జవాబు రాయడానికి మాత్రం తీరిక లేదు. లాస్ ఒకచోట మొదలై చివరి హాప్ దాకా కొనసాగితేనే పట్టించుకోవాలి. ఇది వెళ్లే దారిని మాత్రమే చూపిస్తుందని కూడా గుర్తుండాలి. తిరిగి వచ్చే దారి వేరే అయి ఉండొచ్చు, కాబట్టి రెండో వైపు నుంచి కూడా నడిపించి చూడటం మంచిది.

నెట్‌వర్క్ సెట్టింగ్‌లు చూపించే పాత కమాండ్ ఐఎఫ్‌కాన్ఫిగ్‌కి అలవాటుపడ్డవాళ్లు ఇంకా దాన్ని వదలరు. చాలా కొత్త లినక్స్‌లలో అది మొదట్లోనే ఉండదు, వేసుకున్నా ఒకే ఇంటర్‌ఫేస్ మీదున్న అదనపు అడ్రస్‌లను అన్నిసార్లూ చూపించదు. దాని బదులు వచ్చిన ఐపీ కమాండ్ అవుట్‌పుట్ చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. బీఆర్ ఆప్షన్ పెడితే ఇంటర్‌ఫేస్‌కి ఒక లైన్ చొప్పున శుభ్రంగా ఇస్తుంది. దీనిలో నాకు బాగా నచ్చింది "ఐపీ రూట్ గెట్". ఒక అడ్రస్ ఇస్తే, అక్కడికి కెర్నల్ (లినక్స్ మూలభాగం) ఏ ఇంటర్‌ఫేస్ నుంచి, ఏ గేట్‌వే గుండా, ఏ సోర్స్ అడ్రస్‌తో పంపుతుందో చెప్పేస్తుంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ల మీద రూటింగ్ టేబుల్‌ని కళ్లతో చదివి ఊహించే బాధ తప్పుతుంది.

ఐపీ కమాండ్‌తో చేసిన మార్పులు రీబూట్‌తో పోతాయి. నిలబడాలంటే సెట్టింగ్‌లను భద్రపరిచే ఎన్ఎంసీఎల్ఐ లేదా నెట్‌ప్లాన్ వాడాలి. ఎన్ఎంసీఎల్ఐ పని బాగానే చేస్తుంది, కానీ ఆ పొడవాటి పదాలు ట్యాబ్ కీ లేకుండా టైప్ చేయడం నా వల్ల కాదు. నెట్‌ప్లాన్‌లో "ట్రై" అనే సబ్‌కమాండ్ మాత్రం బంగారం. మార్పు అమలు చేసి, మామూలుగా 120 సెకన్లలోపు మనం ఒప్పుకోకపోతే పాత సెట్టింగ్‌కి తిరిగి వెళ్లడానికి చూస్తుంది. దూరంగా ఉన్న సర్వర్ ఐపీ మార్చేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

డీఎన్‌ఎస్‌కి, అంటే పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే వ్యవస్థని అడిగి చూడటానికి, డిగ్. నాణ్యతలో దీనికి వంక పెట్టలేను. కానీ అది నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ (మెషిన్‌లోనే పేర్లూ అడ్రస్‌లూ రాసి పెట్టుకునే ఫైల్) వైపు చూడదు. అప్లికేషన్ మాత్రం మామూలుగా ముందు ఆ ఫైలే చూస్తుంది. డిగ్‌లో కొత్త అడ్రస్ వస్తూ, అప్లికేషన్ పాత అడ్రస్‌కే పోతుంటే గెటెంట్ హోస్ట్స్ నడిపించండి, సిస్టమ్ నిజంగా ఏం నమ్ముతోందో బయటపడుతుంది.

ఏ పోర్టు మీద ఎవరు వింటున్నారో చూపించే ఎస్‌ఎస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వేగంగా ఉంటుంది. సర్వీసు 127.0.0.1 (ఆ మెషిన్‌కే పరిమితమైన అడ్రస్) మీద మాత్రమే వింటోందా, అన్ని అడ్రస్‌ల మీదా వింటోందా అన్నది ఒక్క లైన్‌లో తేలుస్తుంది. "లోపల నుంచి పని చేస్తోంది, బయట నుంచి రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో మంచి వాటా ఇక్కడే తీరిపోతుంది. నెట్‌వర్క్ కార్డు లింక్ వివరాలు చూపించే ఈథ్‌టూల్ కూడా అలాంటిదే. గిగాబిట్ రావాల్సిన చోట స్పీడ్ 100 మెగాబిట్లు అని చూపిస్తే నేను ముందు కేబులే మారుస్తాను. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, వందకి రెండు చాలు. ఒక తీగ తెగినా లింక్ లైటు వెలుగుతూనే ఉండొచ్చు.

ఎవరి మాటా తేలనప్పుడు, వచ్చిపోయే ప్యాకెట్లనే చూపించే టీసీపీడంప్. పేర్లు వెతకొద్దని ఎన్ ఆప్షన్ పెట్టండి, లేకపోతే అది పంపే డీఎన్‌ఎస్ ప్రశ్నలే తెరంతా నింపొచ్చు. రెండు విషయాలు తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. లోపలికొచ్చే ప్యాకెట్ ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) ఆపేయకముందే దీనికి కనిపిస్తుంది, కాబట్టి ఇక్కడ కనిపించిందంటే అప్లికేషన్‌కి చేరినట్టు కాదు. రెండోది, బయటికెళ్లే ప్యాకెట్ల మీద చెక్‌సమ్ (డేటా చెడిపోలేదని సరిచూసే లెక్క) తప్పని చూపిస్తే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. ఆ లెక్క తర్వాత నెట్‌వర్క్ కార్డు వేస్తుంది.

విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ చాలావరకు సరిపోతుంది. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సర్వీసు) అందలేదని చదువుకోవాలి. విండోస్ ట్రేస్‌రూట్ అయిన ట్రేసర్ట్‌కి డీ ఆప్షన్ పెట్టకపోతే పేర్లు వెతుకుతూ ప్రాణం తీస్తుంది.

కొత్త సర్వర్ చేతికొస్తే ఎంటీఆర్, డిగ్, టీసీపీడంప్ మొదటిరోజే వేసి పెడతాను. నెట్ పోయాక వాటిని డౌన్‌లోడ్ చేసుకోవాలంటే నెట్ కావాలి కదా.