అవినీతిలో ఏ రాష్ట్రం ఫస్ట్? కేసుల లెక్క మేలా, సర్వే మేలా?

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) పట్టికల్లో అవినీతి కేసుల సంఖ్యలో చాలా ఏళ్లుగా మహారాష్ట్రదే పైచేయి. 2017లో సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ (సీఎంఎస్) చేసిన సర్వేలో కర్ణాటక, 2019లో లోకల్‌సర్కిల్స్ అనే ఆన్‌లైన్ వేదిక చేసిన సర్వేలో రాజస్థాన్ ముందున్నాయి. ఎదుటి పార్టీని తిట్టడానికి ఎవరికి కావాల్సిన జాబితా వాళ్లకు దొరుకుతుంది.

ముందు కేసుల లెక్క. ఇందులో పెద్ద వాటా ట్రాప్ కేసులదే, అంటే లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకున్నవే. లంచం ఇవ్వడం ఇష్టంలేని మనిషి అవినీతి నిరోధక శాఖ(ఏసీబీ)కు ఫిర్యాదు చేయాలి. అధికారులు నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలీన్ పొడి పూసి ఇస్తారు. తీసుకున్నవాడి చేతులను మధ్యవర్తుల ముందు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. ఫిర్యాదీ రాకపోతే ఇవేవీ జరగవు, కేసూ ఉండదు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ తృప్తిగా ఉన్న చోట లెక్క సున్నాయే. కాబట్టి ఈ అంకె ముఖ్యంగా చెప్పేది ఏసీబీ ఎంత చురుగ్గా ఉందో, జనం దాన్ని ఎంత నమ్ముతున్నారో. సంస్థ మారితే ఏళ్ల మధ్య పోలికా చెడుతుంది. కర్ణాటకలో 2016లో లోకాయుక్త నుంచి ఏసీబీకి వెళ్లిన అవినీతి దర్యాప్తు అధికారాలు 2022లో హైకోర్టు తీర్పుతో వెనక్కి వచ్చాయి. ఇక జనాభాతో భాగించకుండా పెద్ద రాష్ట్రాన్నీ చిన్న రాష్ట్రాన్నీ పక్కపక్కన పెట్టడం గురించి చెప్పేదేముంది!

సర్వే మేలే, కానీ ఏ సర్వే? ‘మీ రాష్ట్రంలో అవినీతి పెరిగిందా?’ అన్న ప్రశ్నకు నిన్నటి టీవీ చర్చే జవాబు చెబుతుంది. ‘గత 12 నెలల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లారా? లంచం ఇచ్చారా?’ అని అడిగితే కొంత నిజం బయటపడుతుంది. అక్కడా శాతం మొత్తం జనంలోనా, ఆఫీసుకు వెళ్లినవాళ్లలోనా అన్నది చూడాలి. ఇష్టమున్నవాళ్లే నింపే ఆన్‌లైన్ సర్వే కన్నా, శాంపిల్ ప్రకారం ఇంటింటికీ వెళ్లి అడిగినది నయం. రాష్ట్రానికి 500 మందిని అడిగితే, శాతం యాభై దగ్గర ఉన్నప్పుడు, లెక్క అటూ ఇటూ 4 పైచిలుకు పాయింట్లు ఊగుతుంది. 46 శాతం వచ్చిన రాష్ట్రం ఎనిమిదోది, 43 వచ్చినది పదకొండోది అని నంబర్లు వేయడం ఉత్త అలంకారం.

చిల్లర లంచాల వరకైతే అనుభవం అడిగిన ఇంటింటి సర్వేకే నా ఓటు. అదీ పై అంచు, కింది అంచు రాష్ట్రాలను గుర్తుపట్టడానికే.

రాజకీయ అవినీతి మాత్రం ఈ రెండు వలలకూ చిక్కదు. టెండరు షరతులు ఎవరి కోసం రాశారో, భూమి ఎంత ధరకు కట్టబెట్టారో సర్వేకు జవాబిచ్చే గృహస్థుకు ఎలా తెలుస్తుంది? కేసు పెట్టాలన్నా, అవినీతి నిరోధక చట్టంలో 2018 సవరణతో వచ్చిన 17ఏ సెక్షన్ ప్రకారం, అధికారిక నిర్ణయాలపై దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలి. మంత్రుల విషయంలో ఆ అనుమతి చాలాసార్లు వాళ్ల ప్రత్యర్థులు గద్దెనెక్కాకే కదులుతుంది. అందుకే ఇక్కడ జాబితాలు పక్కనపెట్టి, సర్కారు ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ నివేదికలు తెరవాలి: టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన పనులు, ఒకే బిడ్ వచ్చినా ఖరారైన టెండర్లు, పని మొదలవకముందే ఇచ్చిన అడ్వాన్సులు. వాటికి ర్యాంకు ఉండదు గానీ శాఖ పేరు, పని పేరు, రూపాయల లెక్క ఉంటాయి.