చివరి బైజాంటియన్ నాణేలు: మొదట కొనాల్సింది బంగారమా, వెండా, రాగా?

బైజాంటియన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) 1261లో మళ్లీ గ్రీకుల చేతికొచ్చింది మొదలు 1453లో ఆటోమన్ల వశమయ్యేదాకా దాన్ని ఏలింది పాలియోలోగస్ వంశం. ఆ కాలపు నాణేలు కూడబెట్టాలనుకునే కొత్తవాళ్లు చాలామంది బంగారం వైపే చూస్తారు. నా ఓటు మాత్రం వెండికి, అందులోనూ బసిలికాన్ అనే నాణేనికి.

బంగారు నాణెం పేరు హైపర్‌పైరాన్. పాలియోలోగస్ వంశానికి ముందే, 1092లో మొదటి అలెక్సియోస్ చక్రవర్తి తెచ్చినప్పుడు 20 క్యారెట్ల పైచిలుకు ఉండేది. పాలియోలోగస్‌లలో మొదటి చక్రవర్తి ఎనిమిదో మైఖేల్ నాటికి 15కు, ఆయన కొడుకు రెండో ఆండ్రోనికోస్ చివరి ఏళ్లకు దాదాపు 11కు దిగింది. ఈ తండ్రీకొడుకుల నాణేల్లో బొమ్మ వైపు ఎవరిదైనా ఒకటే: చుట్టూ కోటగోడ, మధ్యలో చేతులెత్తి ప్రార్థిస్తున్న మరియమాత. ఎవరిదో తేల్చేది బొరుసు. క్రీస్తు ముందు మోకరిల్లిన చక్రవర్తి వెనక దేవదూత ఉంటే అది ఎనిమిదో మైఖేల్‌ది. ఒక్కడే సాగిలపడి ఉంటే ఆండ్రోనికోస్‌ది. క్రీస్తుకు ఇరుపక్కలా ఇద్దరు మోకరిల్లితే ఆండ్రోనికోస్‌తో పాటు కొడుకు తొమ్మిదో మైఖేలో, మనవడు మూడో ఆండ్రోనికోసో ఉన్నట్టు. ఆ ఇద్దరిలో ఎవరో పేరు చదివితే గానీ తెలియదు. చిక్కంతా అక్కడే. నాణెం కొట్టే లోహపు దిమ్మ చిన్నది, అచ్చు పెద్దది. పేరు తరచూ అంచు బయటికి పోతుంది. పగుళ్లూ మామూలే. మెళ్లో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత ఊడదీసినవీ అమ్మకానికి వస్తాయి. అంచు మీద టంకం మచ్చ ఉందేమో భూతద్దంతో చూడండి.

రాగి ట్రాకీలు అన్నిటికన్నా చవక. కానీ గుర్తుపట్టడం అన్నిటికన్నా కష్టం. గిన్నెలా వంగిన పల్చటి రేకు మీద సగం అచ్చే పడుతుంది. పాత నాణెం మీదే మళ్లీ కొట్టినవాటిలో రెండు బొమ్మలు కలగాపులగమవుతాయి. ఓపిక తక్కువైతే వీటి జోలికి పోకండి.

బసిలికాన్ 1304లో వచ్చింది. కూలికి పిలిపించుకున్న కెటలాన్ సైనికులకు జీతాలివ్వాల్సిన రోజులవి. వెనిస్ వెండి నాణేన్ని చూసి చేసిన ఈ బల్లపరుపు నాణెం రెండు గ్రాముల పైచిలుకు తూగుతుంది. పన్నెండు ఇస్తే ఒక హైపర్‌పైరాన్. ఒకవైపు సింహాసనం మీద క్రీస్తు, రెండోవైపు నడుమ పొడవాటి శిలువ పట్టుకున్న ఇద్దరు చక్రవర్తులు. వెనిస్‌దైతే అక్కడ సెయింట్ మార్క్ డోజ్‌కి (వెనిస్ పాలకుడికి) జెండా అందిస్తుంటాడు, కాబట్టి పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆండ్రోనికోస్, తొమ్మిదో మైఖేల్‌లవే ఎక్కువగా దొరుకుతాయి. బంగారంతో పోలిస్తే ధర బాగా తక్కువ. గ్రీకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పలక లేదు.

మరి చివరి చక్రవర్తులే కావాలంటే? పద్నాలుగో శతాబ్దం మధ్యకే బంగారు నాణేల ముద్రణ ఆగిపోయింది. ఆ తర్వాత రాజ్యమేలింది స్టావ్రాటాన్ అనే వెండి నాణెం. తొలుత ఎనిమిదిన్నర గ్రాముల వెండి. ఒకవైపు క్రీస్తు ముఖం, మరోవైపు చక్రవర్తి ముఖం, చుట్టూ రెండు వరసల అక్షరాలు. రెండో మాన్యుయెల్‌ది తేలిగ్గా చదవచ్చు. జాన్ పేరు కనిపిస్తే ఆగండి: ఐదో జానా, ఎనిమిదో జానా అన్నది ముఖానికి ఇటూ అటూ ఉన్న చిన్న గుర్తులు చూసి తేల్చుకోవాలి. చివరి చక్రవర్తి పదకొండో కాన్‌స్టాంటైన్ 1453 ఆటోమన్ ముట్టడి వేళ చర్చిల వెండి కరిగించి సైనికులకు జీతాలిచ్చాడు. ఆయన నాణేలు చాలా అరుదు, నకిలీ భయం ఎక్కువ. అవి చవకగా ఇస్తామన్నవాణ్ని నమ్మకండి.

ఇస్తాంబుల్ వీధుల్లో కొని జేబులో వేసుకొచ్చే పని మాత్రం వద్దు. అక్కడి పురావస్తు చట్టం కఠినం. మన దగ్గరా నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువే, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. అమ్మేవాడి బిల్లు, పాత వేలం రికార్డు ఉంటే తీసుకుని నాణెంతో పాటే దాచండి. కొనేముందు వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ మ్యూజియం నాణేల సంగ్రహం ఫొటోలతో నెట్‌లోనే పోల్చి చూసుకోవచ్చు, పైసా ఖర్చుండదు.