పాత ఆటోమేటిక్ కారుకి గేర్ ఆయిల్ మార్పిస్తున్నారా? డ్రమ్ములోంచి లూజు ఆయిల్ పోయనివ్వకండి

బండి బాగానే నడుస్తుంటుంది. లక్ష కిలోమీటర్లు దాటింది కదా, ఒకసారి గేర్ ఆయిల్ మార్పిద్దామని షెడ్డుకి తీసుకెళ్తారు. మూలనున్న డ్రమ్ములోంచి ఎర్రటి ఆయిల్ మగ్గుతో పట్టి పోస్తారు. ఏ ఆయిల్ అని అడిగితే "ఏం గాదన్నా, అన్ని బండ్లకు ఇదే పోస్తం" అంటారు. వారం తిరక్కముందే యాభై, అరవై స్పీడులో బండి వణకడం మొదలవుతుంది. పొద్దున రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ధడేల్‌మని పడుతుంది. మళ్లీ అదే షెడ్డుకి వెళ్తే వచ్చే జవాబు: "పాత గేర్‌బాక్స్ కదా, పోయింది. దించాలె."

దించడానికి ఒప్పుకునే ముందు ఆగండి. నిన్నటిదాకా సాఫీగా పడిన గేర్లు ఆయిల్ మార్చిన మర్నాటి నుంచే మొరాయిస్తున్నాయంటే, ముందు అనుమానించాల్సింది గేర్‌బాక్స్‌ని కాదు. పోసిన ఆయిల్ రకాన్ని, పోసిన కొలతని.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్‌ని ఏటీఎఫ్ అంటారు. దాని పని ఇంజిన్ ఆయిల్ పనిలా కాదు. గేర్లు మార్చే వాల్వులకి ప్రెషర్ ఇచ్చేది అదే, టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని అవతలికి చేరవేసేది అదే, వేడిని లాగి కూలర్‌కి తీసుకెళ్లేదీ అదే. వీటన్నిటికీ మించి, లోపలి క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టుకోవాలో నిర్ణయించేవి అందులో కలిపిన రసాయనాలు. ఒక్కో కంపెనీ తన ప్లేట్లకి తగ్గట్టు ఆ పాళ్లు పెట్టుకుంటుంది. ఆ పాళ్లు తప్పితే ముందు బయటపడేది టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా కలిపే లాకప్ క్లచ్ దగ్గర. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి ఒకే స్పీడులో వెళ్తుంటే, రోడ్డు మీద వరసగా తెల్ల పట్టీలు ఎక్కిదిగుతున్నట్టు బండి అదురుతుంది. చాలామంది దాన్ని ఇంజిన్ మౌంటింగ్ అనుకుని అవి మార్పిస్తారు, స్పార్క్ ప్లగ్గులు మార్పిస్తారు. డబ్బు పోతుంది, అదురు పోదు.

రంగు చూసి మోసపోవద్దు. ఎరుపు కేవలం కలిపిన రంగు. డెక్స్‌రాన్-3 అనే ఏటీఎఫ్ కూడా ఎరుపే, టయోటా డబ్ల్యూఎస్ అనేదీ ఎరుపే. పల్చదనంలో రెండూ వేరు. డెక్స్‌రాన్-3కి జనరల్ మోటార్స్ లైసెన్సు ఇవ్వడం 2006 చివరితో ఆపేసింది. అంటే ఇవాళ డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే దాని వెనక ఆ కంపెనీ పరీక్ష ఏదీ లేదు, తయారుచేసినవాడి మాట ఒక్కటే ఉంది.

మన దగ్గర ఎక్కువగా తిరిగే పాత బండ్ల సంగతి చూస్తే: హోండా ఐదు గేర్ల ఆటోమేటిక్‌కి మొదట్లో జెడ్-1 అనే ఏటీఎఫ్ ఉండేది, దాని స్థానంలో డీడబ్ల్యూ-1 వచ్చింది, పాత బండికీ ఇదే పోయొచ్చు. 2014 తర్వాతి సిటీ సీవీటీకి (గేర్లకు బదులు పుల్లీల మీద బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌కి) మాత్రం హెచ్‌సీఎఫ్-2, డీడబ్ల్యూ-1 కాదు. రెండూ హోండా డబ్బాలే కాబట్టి షెల్ఫు మీంచి ఏదో ఒకటి తీసిస్తారు, చూసుకోవాలి. హ్యుందాయ్ నాలుగు గేర్ల వాటికి ఎస్పీ-3, ఆరు గేర్ల వాటికి ఎస్పీ-4. టయోటాల్లో పాతవాటికి టీ-4, తర్వాతి వాటికి డబ్ల్యూఎస్. ఒకదాని బదులు ఒకటి కుదరదు. నిస్సాన్ సీవీటీల్లో మోడల్‌ని బట్టి ఎన్ఎస్-2 లేదా ఎన్ఎస్-3. ఎవరి మాటా వినక్కర్లేదు, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) హ్యాండిల్ మీదో, ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లోనో రాసే ఉంటుంది. ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లండి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే ఉక్కు బెల్టు పుల్లీ మీద జారుతుంది, గీతలు పడతాయి. ఆ తర్వాత సరైన ఆయిల్ పోసినా ఆ గీతలు మానవు.

ఇంకో రకం దోపిడీ: ఏఎంటీ బండికి ఏటీఎఫ్ బిల్లు. సెలెరియో, వ్యాగన్ఆర్ లాంటి వాటిలో ఏజీఎస్ పేరుతో వచ్చే ఈ ఏఎంటీ మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. అందులో పోసేది మాన్యువల్ గేర్ ఆయిల్, యాక్చుయేటర్‌కి వేరే హైడ్రాలిక్ ఆయిల్. దానికి ఏడు లీటర్ల ఏటీఎఫ్ రాశారంటే ఆ మెకానిక్‌కి ఆ బండి తెలియదన్నమాట, లేదా మీకు తెలియదని అతనికి తెలుసు. అలాగే పోలో జీటీ టీఎస్ఐలోని ఏడు గేర్ల డీఎస్జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్). అందులో క్లచ్‌లు పొడివి, ఆయిల్‌లో మునగవు. ట్రాఫిక్‌లో అది అదురుతోందని గేర్ ఆయిల్ మారిస్తే ఉపయోగం సున్నా. అరవై వేల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ అనే లెక్క ఆయిల్‌లో మునిగే క్లచ్‌లున్న డీఎస్జీలది.

ఇక కొలత. బిల్లులో మోసం జరిగేది ఎక్కువగా ఇక్కడే. డ్రెయిన్ బోల్టు విప్పితే ఉన్న ఆయిలంతా బయటికి రాదు. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. మొత్తం ఆరు లీటర్లుండే గేర్‌బాక్స్ నుంచి సుమారు రెండున్నర, మూడు లీటర్లే వస్తుంది. మూడు లీటర్లు తీసి మూడు పోస్తే కొత్తది సగం. ఇంకోసారి చేస్తే 75 శాతం, మూడోసారికి 87 శాతం దాటుతుంది. కాబట్టి ఒక్కసారి తీసి పోసి ఏడు లీటర్ల బిల్లు ఇస్తే, మిగతా నాలుగు లీటర్లు ఏ బండిలోకి వెళ్లాయో అడగండి.

"ఫ్లషింగ్ మెషిన్ ఉంది, ఒక్క దెబ్బకి మొత్తం కొత్తదే" అని ఆశపెడతారు. వేళకి ఆయిల్ మారుస్తూ వచ్చిన బండికి, గేర్‌బాక్స్ సొంత పంపు ప్రెషర్‌తోనే పనిచేసే మెషిన్ అయితే ఫర్వాలేదు. పదేళ్లుగా ఒక్కసారీ మార్చని బండికి బయటినుంచి ప్రెషర్ పెట్టి తోసే మెషిన్ వద్దు. అడుగున పేరుకున్న మడ్డి కదిలి గేర్లు మార్చే వాల్వులుండే వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో, సోలెనాయిడ్లలో (కరెంటుతో పనిచేసే వాల్వుల్లో) ఇరుక్కుంటుంది. అలాంటి బండికి పాత పద్ధతే నయం: ఒకసారి తీసి పోయించండి, ఐదొందల నుంచి వెయ్యి కిలోమీటర్లు తిప్పండి, మళ్లీ తీసి పోయించండి, ఇలా మూడుసార్లు. మూడుసార్లు వెళ్లడం చిరాకే. గేర్‌బాక్స్ దించడం కన్నా తక్కువ చిరాకు.

పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. టీ తాగి రమ్మంటే తర్వాత తాగుతానని చెప్పండి.

మొట్టమొదట, పైన పోసే చోటు తెరుచుకుంటుందో లేదో చూడాలి. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఫిల్ బోల్టు ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. కింద ఆయిలంతా వదిలేశాక పైది విప్పబోతే రాదు, బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది. తర్వాత బండిని కాస్త వేడెక్కించి, సమతలం మీద నిలబెట్టి కింద విప్పాలి. హోండాలో గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టుకి మధ్యలో చదరపు గుంట ఉంటుంది, 3/8 అంగుళం రాచెట్ నేరుగా దూరుతుంది. ఇంజిన్ ఆయిల్ బోల్టు అలా ఉండదు, దానికి స్పానర్ పట్టే తల ఉంటుంది. ఈ రెండిటి మధ్య పొరపాటు పడి, ఇంజిన్ ఆయిల్ మార్చబోయి గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజిన్లో రెట్టింపు ఆయిల్ పోసేవాళ్లున్నారు. మామూలు ఇంజిన్ సర్వీసు తర్వాత బండి కదలకపోతే ముందు ఇదే చూడాలి.

వచ్చిన ఆయిల్‌ని గీతలున్న జగ్గులోకి పట్టించి కొలవండి. ఎంత వచ్చిందో అంతే పోయాలి, ఆ తర్వాతే లెవెల్ సర్దడం. చాలా బండ్లలో డ్రెయిన్ బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల. గోటికి తగిలే ముక్కలు, మెరిసే రజను కనిపిస్తే పని అక్కడే ఆపి, గేర్‌బాక్స్ తెలిసినవాళ్లకి చూపించండి. ఆ ముద్దని బనియన్ వేస్ట్‌తో తుడవనివ్వకండి, దాని పోగులు లోపలికి పోతాయి. నూలు రాలని గుడ్డో, టిష్యూనో ఇవ్వండి. హోండా బోల్టుకి 18 మిల్లీమీటర్ల వాషర్ కొత్తది వేయాలి, బిగింపు 49 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ తొడుగు అల్యూమినియం. పైపు తగిలించి బలమంతా పెడితే మరలు ఊడొస్తాయి. కింద పాన్ ఉండే హ్యుందాయ్, టయోటా రకాల్లో పాన్ బోల్టులు ఇంకా సున్నితం. గాస్కెట్ మీద సిలికాన్ పేస్టు పులమనివ్వొద్దు. లోపలికి ఒలికిన పేస్టు తుంపులై ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

లెవెల్ చూడటంలో తెలిసిన మెకానిక్కులూ తడబడతారు, ఎందుకంటే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. హోండాలో రేడియేటర్ ఫ్యాన్ తిరిగేంత వేడెక్కాక, ఇంజిన్ ఆపి, 60 నుంచి 90 సెకన్ల లోపు డిప్‌స్టిక్ చూడాలి. హ్యుందాయ్, పాత టయోటాల్లో ఇంజిన్ నడుస్తుండగానే, బ్రేకు నొక్కి లివర్‌ని అన్ని గేర్లలోకీ నెమ్మదిగా తిప్పి, హ్యుందాయ్‌లో న్యూట్రల్‌కి, టయోటాలో పార్క్‌కి తెచ్చి, 'హాట్' గీతల మధ్య చూడాలి. హోండా పద్ధతిలో హ్యుందాయ్‌ని చూస్తే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, ఇంకాస్త తీసేస్తారు. అలా తక్కువైన బండి మలుపుల్లో, బంజారాహిల్స్ ఎత్తుల్లో పట్టు తప్పుతుంది, పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే మేలని కూడా అనుకోవద్దు. తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగలో ప్రెషర్ నిలవదు, క్లచ్‌లు జారి మాడతాయి. డిప్‌స్టిక్ లేని రకాల్లో స్కానర్‌తో ఆయిల్ వేడి చూస్తూ, మాన్యువల్ చెప్పిన డిగ్రీల దగ్గర ఓవర్‌ఫ్లో ప్లగ్ (ఎక్కువైన ఆయిల్ కారిపోయే బోల్టు) విప్పాలి. స్కానర్ లేని షెడ్డులో ఆ బండ్లకి ఈ పని చేయించకండి.

కొన్ని బండ్లకి ఆయిల్ మార్చడమే దండగ. ఇంజిన్ అరుస్తోంది కానీ బండి లాగట్లేదు, ఆయిల్ నల్లగా మాడు వాసన వస్తోంది అంటే ప్లేట్లు అప్పటికే అరిగిపోయాయి. కొత్త ఆయిల్ వాటిని తిరిగి తీసుకురాదు. ఆయిల్ గులాబీ రంగులో, రోజ్ మిల్క్‌లా చిక్కగా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసినట్టు. అప్పుడు ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కూడా చేయకుండా టోయింగ్ పిలవండి. ఆ నీళ్లు ప్లేట్ల మీద అంటించిన పొరని ఊడదీస్తాయి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు "మొన్ననే గేర్ ఆయిల్ మార్పించాం" అంటే సంతోషపడకుండా బిల్లు అడగండి. జారే గేర్‌బాక్స్‌లో చిక్కటి అడిటివ్ కలిపితే కొన్నాళ్లు మామూలుగా ఉంటుంది. చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద ఆర్, డీ వేసి ఎంతసేపట్లో పడుతుందో చూసి, తర్వాత అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో అరగంట తిప్పి, వేడెక్కాక అదే పరీక్ష మళ్లీ చేయండి. కొన్ని లోపాలు చల్లగా ఉన్నప్పుడు దాక్కుంటాయి, కొన్ని వేడెక్కాక.

ఆయిల్ మీరే కొని తీసుకెళ్లడం మంచిది. రాణిగంజ్‌లో అయినా, కంపెనీ స్పేర్స్ కౌంటర్‌లో అయినా, మూత కింద రేకు సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసుకుని, బిల్లు మీద ఆయిల్ పూర్తి పేరు రాయించుకోండి. అవసరమనుకున్న దానికన్నా ఒక లీటరు ఎక్కువ కొనండి, సీలు విప్పకపోతే తిరిగిస్తానని ముందే మాట్లాడుకుని.

తప్పు ఆయిల్ ఇప్పటికే పడిపోయి ఉంటే బండిని తిప్పడం ఆపి, సరైన ఆయిల్‌తో వెంటవెంటనే మూడుసార్లు తీసి పోయించాలి. ఒక్కో విడతకీ మధ్య ఇంజిన్ నడిపి, అన్ని గేర్లలోకీ తిప్పితేనే లోపలిది కలిసి బయటికొస్తుంది. త్వరగా పట్టుకుంటే అదురు తగ్గే అవకాశం ఉంది. కానీ మొదటిసారి తీసినప్పుడే ఒక పావు లీటరు శుభ్రమైన సీసాలో పట్టి, తేదీ రాసి, పాత బిల్లుతోపాటు దాచండి. షెడ్డువాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. అక్కడ చూపించడానికి ఆ సీసా, ఆ బిల్లు ఉండాలి.