మెత్త కళ్లెం కొనేముందు చెవుల వెనక చూడండి: ధర్మాబాద్ ఎండల్లో నా వాడకం

గుర్రానికి మెత్త కళ్లెం, అంటే పట్టీల కింద మెత్త పెట్టి కుట్టిన కళ్లెం, కొనడానికి వచ్చినవాళ్లు ముందు మెత్తను బొటనవేలితో నొక్కి చూస్తారు. నేనైతే చెవుల వెనక వచ్చే తలపట్టీని ఎలా కోశారో చూడమంటాను. కొన్నేళ్లుగా మా మార్వాడీ ఆడగుర్రం గౌరికి ఇదే కళ్లెం వేస్తున్నాను. ధర్మాబాద్ పొలాల బాటలు, గోదావరి ఒడ్డు, ఎండ, వాన అన్నీ చూసింది.

కొన్నది మాలెగావ్ ఖండోబా జాతరలో. మా నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో జరిగే ఈ జాతర గుర్రాల సంతకు పేరుపడ్డది. కళ్లెం కాన్పూర్‌లో కుట్టింది. కాన్పూర్ జీను సామానుకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. మామూలు కళ్లెం ధరకు దాదాపు రెండింతలు పెట్టాను.

ఆ డబ్బుకు న్యాయం చేసింది తలపట్టీ ఒక్కటే. చెవుల మొదళ్ల దగ్గర లోపలికి వంపు తీసి కోశారు, అంచులో గట్టి కుట్టు లేదు. తల మెడతో కలిసే ఆ చోట ఎముకకూ చర్మానికీ మధ్య పెద్దగా కండ ఉండదు. వంపు లేని తిన్నని పట్టీకి ఎంత మెత్త వేసినా చెవి మొదట్లో ఒరుసుకుంటూనే ఉంటుంది. పాత కళ్లెం పట్టుకుని దగ్గరికి వెళ్తే చాలు, గౌరి తల పైకెత్తేసేది. ఇప్పుడు తనే తల దించుతుంది. దీనికి మించిన సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

సైజు సంగతి మాత్రం తలనొప్పే. దుకాణాల్లో పోనీ (చిన్నది), కాబ్ (మధ్యది), ఫుల్ (పెద్దది) అని మూడు సైజులు అమ్ముతారు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల ముఖం సన్నం, చెవుల కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. గౌరికి చెంపపట్టీలు కాబ్ సరిపోయాయి గానీ, నుదుటిపట్టీ అదే సైజుది వేస్తే తలపట్టీని ముందుకు లాగి చెవుల మీద ఎక్కిస్తోంది. నుదుటిపట్టీ ఒక్కటి ఫుల్ సైజుది విడిగా తీసుకున్నాను. సెట్ మొత్తం ఒకే సైజు ఉండాలని పట్టుబట్టకండి.

ముక్కుపట్టీ చెంప ఎముక కింద రెండు వేళ్ల దూరంలో ఉండాలి. బిగువు కూడా రెండు వేళ్ల లెక్కే, కానీ వేళ్లు పెట్టాల్సింది ముక్కు ఎముక మీద. పక్కన పెడితే చర్మం నొక్కుకుని వేళ్లు దూరిపోతాయి, వదులుగానే ఉందనిపిస్తుంది. అంతర్జాతీయ గుర్రపు పోటీలు నడిపే సంస్థ ఎఫ్‌ఈఐ కూడా 2025 నుంచి ఒక కొలత పనిముట్టుతో ముక్కు ఎముక మీదే చూస్తోంది. మెత్త ఉంది కదా అని ఇంకో బొక్క బిగించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మెత్త ఉన్నా దవడ కదలకపోతే కదలనట్టే. గొంతుపట్టీకి, దవడకు మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి.

ఇక లోపాలు. దవడ కింది మెత్తలో స్పాంజి పెట్టి పైన రబ్బరు గుడ్డ కుట్టారు. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో ఆ గుడ్డ కింద చెమట ఆరక వెంట్రుకలు ఊడాయి. తర్వాత స్పాంజి కూడా అణిగి గట్టిపడింది. మా ఊళ్లో తోలు పని చేసే తాత విప్పి చూసి, "తోలు మంచిగనే ఉంది సారూ, లోపల సరుకే ఆగం చేసిండ్రు" అన్నాడు. స్పాంజి తీసేసి జీను కింద వేసే నమ్దా (ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ) ముక్క పెట్టి, పైన పలుచటి తోలు కుట్టాడు. అప్పటి నుంచి ఆ ఇబ్బంది లేదు. ఎండ ప్రాంతాల వాళ్లు మొదటే నమ్దా ఉన్నదాన్ని అడగడం మేలు. గొర్రెబొచ్చు మెత్తలు హాయిగానే ఉంటాయి గానీ, మన బాటల్లో పల్లేరుకాయలు పట్టుకుంటాయి.

మెరిసే పూత బకిల్స్ రెండో వానాకాలానికే తుప్పు పట్టాయి, స్టీలువి మార్పించాను. తోలుకు బూజు రాకుండా ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి నీడలో వేలాడదీస్తాను. నూనె కొద్దిగానే రాస్తాను, ఎక్కువైతే తోలు సాగి బొక్కలు పెద్దవవుతాయి.

కొత్త కళ్లెం వేసి గంటసేపు సవారీ చేశాక విప్పి చూడండి. చుట్టూ చెమట ఉండి పట్టీ కింద ఒక్కచోటే పొడిగా ఉన్నా, వెంట్రుకలు రేగి ఉన్నా అక్కడ ఒత్తిడి పడుతోంది. అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. పెళ్లి ఊరేగింపు గుర్రాలున్నవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. అద్దాలు, కుచ్చులు కుట్టిన నుదుటిపట్టీ బరువంతా చెవుల మీదే పడుతుంది కాబట్టి, ఆ అలంకారాన్ని కళ్లేనికి తగిలించకుండా విడిగా కట్టండి.